పారితోషికం లేదు, పేరొస్తుంది

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఖాళీ గోడ దొరకడం కష్టం. జావా, పైథాన్, లేడీస్ హాస్టల్, ఫ్రీ డెమో... కాగితం మీద కాగితం అంటించీ అంటించీ గోడకి చర్మం మందమెక్కింది. మొన్న దాని మీద ఇంకో పొర చేరింది. ‘యూట్యూబ్ కామెడీ సిరీస్‌కు నటీనటులు కావలెను. 18–25 ఏళ్లు. టైమింగ్ తప్పనిసరి. పారితోషికం లేదు, మంచి ఎక్స్‌పోజర్ ఉంటుంది.’

పక్కనే హాస్టల్ కాగితం. ఏసీకి ఇంత, నాన్ ఏసీకి ఇంత, అడ్వాన్సు ఇంత. ఎక్స్‌పోజర్ తీసుకుంటామని ఎక్కడా రాయలేదు.

ఊరుకోలేక ఫోన్ చేశాను. ‘చెప్పు బ్రో’ అన్నవాడు నా గొంతు విని ‘చెప్పండంకుల్’ అయ్యాడు. డైరెక్టరట. కెమెరా ఎక్కడిది బాబూ అంటే అద్దెకు. లైట్లు? అవీ అద్దెకే. షాపువాడు అడ్వాన్సుతో పాటు ఆధార్ కూడా పెట్టించుకున్నాడట. మరి నటులకి? ‘ప్యాషన్ ఉన్నవాళ్లు కావాలంకుల్, డబ్బు మనుషులు కాదు.’ లెన్సుకు ప్యాషన్ లేకపోయినా అద్దె కట్టాలి. మనిషికి ప్యాషన్ ఉంటే చాలు, కట్టక్కర్లేదు.

షూటింగ్ చూడ్డానికి రమ్మన్నాడు. పంజాగుట్టలో ఓ అపార్ట్‌మెంట్ డాబా. తండ్రి వేషానికి పెద్దవాళ్లెవరూ దొరక్క ఇరవై రెండేళ్ల కుర్రాడి తలకి పౌడర్ కొట్టారు. తల్లి దొరక్క రైటరే నైటీ వేసుకున్నాడు. హీరోయిన్ తొమ్మిదింటికల్లా హాస్టల్ గేటు లోపల ఉండాలి కాబట్టి క్లైమాక్స్ ముందే తీసేశారు. వాచ్‌మన్ పాత్రకి మాత్రం అసలు వాచ్‌మన్‌నే పిలిచారు, పాలమూరు పెద్దాయన. డైలాగ్ ఒకటే: ‘లిఫ్టు పనిచేస్తలేదు సారూ.’ ఆయన అన్న తీరుకి కెమెరా పట్టుకున్నవాడే నవ్వి షాట్ చెడగొట్టాడు. అక్కడున్నవాళ్లలో టైమింగ్ ఉన్నది ఆయనొక్కడికే. ఏడో టేకులో కింద మోటారు గుర్తొచ్చి పరుగెత్తాడు. ఆపి, మెట్లెక్కి ఆయాసంతో వచ్చి అడిగాడు: ‘సారూ, పొద్దటి సంది గిదే పని. రెండొందలిస్తరా?’

డైరెక్టర్ మనసు నొచ్చుకుంది. ‘వీళ్లకి ఆర్ట్ అర్థం కాదంకుల్’ అన్నాడు నా చెవిలో.

ఇలాంటి డైరెక్టర్ల దగ్గర పేరొచ్చినవాళ్ల జాబితా ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 2013లో ‘వైవా’ వీడియో ఒక్కదానితో హర్ష ఇంటిపేరే మారిపోయింది కదా? షార్ట్ ఫిల్ములు చేసిన సుహాస్ 2020లో ‘కలర్ ఫొటో’ హీరో కాలేదా? అయ్యాడు. లాటరీ తగిలినవాడి ఫొటో టికెట్ల దుకాణం ముందు కడతారు, తగలనివాళ్లకి అక్కడ చోటు సరిపోదు. యూట్యూబ్ గంగవ్వ పేరూ చెప్తారు. లంబాడిపల్లిలో పొలం పనులు చేసుకునే ఆమెకి బిగ్‌బాస్ దాకా దారి చూపింది ఆమె నోటి మాట. ‘వయసు 18–25’ అన్న ఈ కాగితం పట్టుకుని వస్తే గంగవ్వకి ఆడిషన్ కూడా ఉండేది కాదు.

ఈ డాబా నుంచి కృష్ణానగర్ ఎంత దూరం? ఆటో ఎక్కితే అయిపోతుంది. అక్కడ జూనియర్ ఆర్టిస్టుకి యూనియన్ ఉంది, కార్డుంది, రోజుకింత అని లెక్క ఉంది. వేతనాలు 30 శాతం పెంచమని 2025 ఆగస్టులో సినీ కార్మికులు సమ్మెకు దిగితే షూటింగులు ఆగిపోయాయి. ఆ మాట ఎత్తితే మావాడు చేతులెత్తేశాడు: ‘మాది సినిమా కాదు కదంకుల్!’ గోడ మీద కాగితం అడుగున మాత్రం ‘సినిమా అవకాశాలకు తొలి మెట్టు’ అని ఉంది.

వీడియో పోయిన వారం వచ్చింది. చివర్లో కెమెరా అద్దెకిచ్చిన షాపుకి కృతజ్ఞతలు చెప్పారు. వాచ్‌మన్ పేరు లేదు.