చప్పుడు చేయని కంప్యూటరును ఎంచుకొను విధానము

కంప్యూటరు బరువులు మోయదు, నీళ్లు తోడదు, పిండి రుబ్బదు; అందువల్ల గోడ ప్లగ్గులోంచి అది తీసుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారి గదిలోనే మిగులుతుంది. భౌతికశాస్త్రం లెక్కలో 100 వాట్ల కంప్యూటరుకూ 100 వాట్ల హీటరుకూ ఉన్న భేదమల్లా, మొదటిది ఈమెయిళ్లు కూడా చూపిస్తుందన్నదే. ఆ వేడిని పెట్టెలోంచి బయటికి తోలడానికి ఫ్యాన్ కావాలి, ఫ్యాన్ తిరిగితే చప్పుడు పుడుతుంది, బయటికి తోలిన వేడి గదిని కాగబెడితే ఏసీ వేయాలి, ఏసీకి మళ్లీ కరెంటు కావాలి. కాబట్టి చప్పుడూ కరెంటు బిల్లూ ఒకే రోగానికి చెవి దగ్గర ఒకటి, జేబు దగ్గర ఒకటిగా బయటపడే లక్షణాలని గ్రహించడం ఈ శాస్త్రంలో మొదటి పాఠం.

ఫ్యాన్ల విషయంలో ఇంజనీర్లు పాటించే సూత్రాలు కొన్ని ఉన్నాయి. ఒక ఫ్యాన్ వేగాన్ని రెట్టింపు చేస్తే అది తోలే గాలి రెట్టింపే అవుతుంది గాని, తినే విద్యుత్తు ఎనిమిది రెట్లవుతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. డెసిబెల్ అంటే శబ్దతీవ్రతకు కొలమానం. 10 డెసిబెల్స్ పెరిగితే తీవ్రత పదింతలవుతుంది, మనిషి చెవికి మాత్రం రెండింతలైనట్టు తోస్తుంది, ఆ మాత్రం దయ చూపినందుకు చెవికి రుణపడి ఉండాలి. దీన్నిబట్టి చిన్న ఫ్యాన్ పరుగెత్తడం కంటె 120 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్ నింపాదిగా తిరగడం మేలనీ, తోలవలసిన వేడే పుట్టకపోవడం అంతకంటె మేలనీ తేలుతుంది.

అయితే కంప్యూటరు కొనే గృహస్థుడు సాధారణంగా తన అవసరాన్ని కొలవడు, ఆశను కొలుస్తాడు. ఏనాటికైనా బావమరిది పెళ్లి వీడియో ఎడిట్ చేయవలసి రావచ్చునన్న దూరదృష్టితో 650 వాట్ల పవర్ సప్లై ఉన్న యంత్రాన్ని తెచ్చి, మిగిలిన కాలమంతా అందులో వార్తలు చదువుతాడు. పవర్ సప్లై అంటే గోడలోని 230 వోల్టులను కంప్యూటరు తినగల చిన్న వోల్టులుగా మార్చే భాగం; 2004లో మొదలైన 80 ప్లస్ అనే ముద్ర ప్రాథమిక స్థాయిలో దాని సామర్థ్యాన్ని 20, 50, 100 శాతం భారాల వద్ద పరీక్షించి ఇస్తారు. వార్తలు చదివే యంత్రం 30 వాట్లు తీసుకుంటే అది 650లో 5 శాతమైనా కాదు. అంత తక్కువ భారం దగ్గర సామర్థ్యం పడిపోతుంది, ముద్ర మాత్రం డబ్బా మీద మెరుస్తూనే ఉంటుంది.

టీడీపీ అనే అంకె కూడా ఇలాంటి అపోహకు తావిస్తుంది. ఎన్నికలతో సంబంధంలేని ఈ టీడీపీ, ప్రాసెసర్‌ను చల్లార్చే ఏర్పాటు ఎన్ని వాట్ల వేడిని మోయగలిగి ఉండాలో చెబుతుందే తప్ప, ఇంటి మీటరు ఎంత తిరుగుతుందో చెప్పదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌కు అది 6 వాట్లు. మెమరీ, డిస్కు, అడాప్టరులో పోయే నష్టం కలుపుకుంటే మొత్తం పెట్టె, పని ఒత్తిడిలో, అంతకంటె ఎక్కువే లాగుతుంది. అందుచేత ప్లగ్గుకూ యంత్రానికీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు ఈ శాస్త్రంలో ప్రత్యక్ష ప్రమాణం, డబ్బా మీది అంకెలన్నీ అనుమానాలు.

ఆశ పరాకాష్ఠకు చేరేది నెట్‌వర్క్ సామగ్రి దగ్గర. ఇంట్లోని యంత్రాలను కేబుళ్లతో కలిపే పెట్టెను స్విచ్ అంటారు. కార్యాలయాలు వదిలించుకున్న 48 పోర్టుల స్విచ్‌లు పాతసామాన్ల దుకాణాల్లో కారుచవకగా దొరుకుతాయి, ఎందుకు వదిలించుకున్నారన్న ప్రశ్న బేరం కుదిరే వేళ ఎవరికీ తట్టదు. కార్యాలయాల్లో ఇలాంటి పెట్టెలను బిగించే ర్యాక్‌లో ఒక అర ఎత్తు 44.45 మిల్లీమీటర్లే కావడంచేత అందులో 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లే పడతాయి, అవి చాలినంత గాలి తోలాలంటే నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరగవలసివస్తుంది. ప్లగ్గు పెట్టిన మరుక్షణం, వేగాన్ని అదుపుచేసే సాఫ్ట్‌వేర్ ఇంకా మేలుకోలేదు కాబట్టి, ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో లేస్తాయి, వంటింట్లోంచి “ఏమండీ, ఏమిటా మోత?” అన్న ప్రశ్న వస్తుంది, అడిగిన ఇల్లాలు అప్పుడు మిక్సీలో పచ్చడి తిప్పుతూ ఉంటుందన్నది గమనార్హం. ఆ పెట్టెకు చివరికి తగిలించేది టీవీ, ప్రింటరు, రూటరు, అంటే మూడు తీగలు. మిగిలిన 45 పోర్టులు భవిష్యత్తు కోసం ఎదురుచూస్తూ, ఫ్యాన్ల గాలికి దుమ్ము పీల్చుకుంటాయి. మోత భరించలేక దాన్ని అటకెక్కిస్తే, ఇంట్లోని వేడిగాలి చేరేదీ అక్కడికే గనుక, ఫ్యాన్లు మరింత హుషారుగా తిరుగుతాయి. ఫ్యాన్ లేని అయిదు పోర్టుల స్విచ్ కొద్ది వాట్లతో ఈ పనంతా చేస్తుంది. పైగా 2010లో ఆమోదం పొందిన 802.3ఏజడ్ అనే ప్రమాణాన్ని పాటించేదయితే, తీగలో కబురేమీ నడవని వేళ తన పోర్టులను కునుకు తీయనిస్తుంది.

ఫ్యాన్ తీసేయడమే పరిష్కారమని తొందరపడినవారికి చరిత్ర హెచ్చరిక చేస్తుంది. 1980లో ప్రకటించిన యాపిల్ 3 కంప్యూటరుకు ఫ్యాన్ ఉండరాదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. లోపలి వేడికి చిప్పులు సాకెట్లలో వదులైపోతే, యంత్రాన్ని కొన్ని అంగుళాలు పైకెత్తి కింద పడేయమని కొనుగోలుదారులకు సలహా ఇచ్చారని కంప్యూటర్ చరిత్రల్లో ప్రసిద్ధి. ఎత్తి పడేస్తే బాగుపడే యంత్రాన్ని నిశ్శబ్ద యంత్రాల జాబితాలో చేర్చాలా వద్దా అన్నది పండితులు తేల్చవలసిన విషయం. 2000లో యాపిల్ సంస్థే ఫ్యాన్ లేని క్యూబ్ అనే కంప్యూటరును తెచ్చింది, 2001లో ఆపింది. దీనికి భిన్నంగా స్విట్జర్లాండ్‌కు చెందిన పీసీ ఇంజిన్స్ సంస్థ తన ఏపీయూ2 బోర్డులో తక్కువ వేడి పుట్టించే ప్రాసెసర్‌ను పెట్టి, ఆ వేడిని లోహపు పలక ద్వారా అల్యూమినియం డబ్బాకే అప్పగించి, డబ్బా మొత్తాన్నీ హీట్ సింక్‌గా, అంటే వేడిని గాలిలోకి వదిలే లోహంగా వాడుకుంది. 2012 ఫిబ్రవరి 29న విడుదలైన రాస్ప్‌బెర్రీ పై మొదటి నమూనాకు ఫ్యాన్ అవసరమే రాలేదు. నాలుగేళ్లకొకసారి వచ్చే తేదీన పుట్టి అది పుట్టినరోజు ఖర్చులోనూ పొదుపు పాటించింది.

ఇవన్నీ చల్లని దేశాల్లో పుట్టిన యంత్రాలు, రెంటచింతల ఎండను ఎరుగనివి. హీట్ సింక్ పని అంతా లోహానికీ గదిలోని గాలికీ ఉన్న ఉష్ణోగ్రతా భేదం మీద ఆధారపడుతుంది: లోహం 60 డిగ్రీల దగ్గర నిలవాలంటే 25 డిగ్రీల గదిలో 35 డిగ్రీల తేడా దొరుకుతుంది, మే నెలలో 42 డిగ్రీల గదిలో 18 డిగ్రీలే, అంటే వేడిని వదిలే శక్తి ఇంచుమించు సగానికి పడిపోతుంది. దానికి తోడు, నల్లపెట్టె హాల్లో బోసిగా కనిపిస్తోందని ఎవరో ఒకరు దానిమీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుతారు, దసరాకు ఆయుధపూజలో హీట్ సింక్ రెక్కల మీద పసుపు కుంకుమలు దట్టిస్తారు. ఫ్యాన్ లేని యంత్రాన్ని కొనేవారు దాన్ని గుడ్డ అందని చోట పెట్టాలన్నది ఏ తయారీదారుడి పుస్తకంలోనూ లేని నియమం.

ఫ్యాన్లు పోయాక అంతవరకు వినబడని చప్పుళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 120 చుట్లు తిరిగి సన్నగా రొద చేస్తుంది. దాని స్థానంలో కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ పెడితే, బోర్డు మీది తీగచుట్టలు విద్యుత్తు మార్పులకు కంపించి చేసే కీచు వినబడుతుంది. ఈ నిశ్శబ్ద సాధకుడు 9 వాట్ల పెట్టె మేలా, 12 వాట్ల పెట్టె మేలా అని నెలల తరబడి తర్కించేది మాత్రం 75 వాట్లు తింటూ గడగడలాడే సీలింగ్ ఫ్యాన్ కిందనే. దాన్ని 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌తో మారిస్తే మిగిలే 45 వాట్లు ఆ రెండు పెట్టెల్లో ఏది ఎంచుకున్నా మిగలవని చెబితే, అది ఎలక్ట్రీషియన్ చూసుకునే సంగతి అంటాడు.

చివరిగా లెక్క. 60 వాట్ల పాత యంత్రాన్ని తీసి 15,000 రూపాయలతో 10 వాట్ల పెట్టె కొన్నారనుకుంటే, అది రేయింబవళ్లు నడిస్తే ఏడాదికి 438 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలనుకుంటే పెట్టుబడి అయిదేళ్లలో తిరిగివస్తుంది. రోజుకు నాలుగు గంటలే నడిస్తే మిగిలేది 73 యూనిట్లు, అసలు తిరిగివచ్చేది 29 ఏళ్లకు. ఈ లెక్క చూసిన గృహస్థుడు కొనుగోలు మానుకుంటాడని ఆర్థికశాస్త్రం ఊహిస్తుంది. అతడు మాత్రం ఆ పెట్టె ఇరవై నాలుగు గంటలూ చేయవలసిన పని ఒకటి వెదుకుతాడు, తప్పక కనిపెడతాడు. ఆ పెట్టె ఎంత వేడెక్కిందో నిమిషానికొకసారి ఆ పెట్టెలోనే రాసి పెట్టుకోవడం ఆ పని.