డిస్కు మనది, ఆట వాళ్ళది

మా రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోని మంత్రుల బంగళాలకు ఒక పద్ధతుంది. ఓడినవారు ఖాళీ చేయాలి. 2023 డిసెంబరు 3న ఛత్తీస్‌గఢ్ ఎన్నికల ఫలితాలొచ్చాయి, 13న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. బంగళా తన సొంతమని ఏ పాత మంత్రీ వాదించలేదు. మర్నాడే, 14న, యూబీసాఫ్ట్ కంపెనీ ‘ది క్రూ’ అనే కార్ల పందేల ఆటను అమ్మకం నుంచి తీసేసింది. 2024 మార్చి 31న సర్వర్లు కట్టేసింది. ఆపైన కొన్నవాళ్ళ ఖాతాల్లోంచి లైసెన్సులూ లాగేసుకుంది. మంత్రులు దమ్మిడీ ఖర్చు లేకుండా ఉండి వెళ్ళారు. వీళ్ళు మొత్తం సొమ్ము ముందే చెల్లించి మరీ వెళ్ళారు.

“అందుకే డిస్కు కొనుక్కోరా అంటాను” అన్నారు మా పక్కింటి తాతగారు మనవడితో. శ్రీకాకుళంలో పుట్టి, రాయ్‌పూర్ రైల్వేలో రిటైరైన మనిషి. చేతికి తగిలితేనే ఆస్తి అని ఆయన సిద్ధాంతం. కొడుకు చిన్నప్పుడు కొన్న టీవీ గేము కేసెట్ ఆయన బీరువాలో ఇంకా భద్రంగా ఉంది. అట్ట మీద 9999 ఆటలని రాసుంటుంది. లోపల ఉన్నవి పట్టుమని పది, తక్కినవన్నీ పేర్లు మార్చిన అవే పది. పచ్చి మోసం! అయితేనేం, రెండుసార్లు ఊది పెడితే ఆ మోసం ఈనాటికీ ఆడుతుంది. ఎవడూ వచ్చి పట్టుకుపోలేదు.

“డిస్కులున్నోళ్ళకీ పోయింది కదా తాతా” అన్నాడు మనవడు. వాడన్నది నిజం. సర్వర్‌ను పలకరించనిదే ఆ ఆట మొదలవదు. సర్వర్ పలకనప్పుడు డిస్కు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి. నింటెండో ఇంకో మెట్టెక్కింది. 2025లో వచ్చిన స్విచ్ 2కు అమ్మే కొన్ని కార్డుల్లో ఆటే ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది. 9999 అని చెప్పి పది ఇచ్చినవాడు దానకర్ణుడిలా కనబడుతున్నాడు.

డిస్కులో కంపెనీలకు కిట్టని గుణం ఒకటుంది. ఆడేశాక సగం ధరకు అమ్మొచ్చు, స్నేహితుడికి అరువివ్వొచ్చు, వాడు తిరిగివ్వకపోతే పోట్లాడొచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఆటకు ఈ సంసారమేదీ లేదు. చందా పద్ధతి బలపడాలంటే ఆటలు తమ సొంతం కాకపోవడానికి జనం అలవాటు పడాలని యూబీసాఫ్ట్ చందాల అధికారి 2024 జనవరిలో సెలవిచ్చారు. అలవాటు చేసే బాధ్యతను కంపెనీ మూడు నెలలు తిరక్కుండానే నెత్తినేసుకుంది. కాలిఫోర్నియా ప్రభుత్వం మాత్రం, ఇస్తున్నది లైసెన్సే అయితే ఆ మాట కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలని చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అది అమల్లోకొచ్చింది. అంటే లాక్కోవచ్చు, చెప్పి లాక్కోవాలి.

‘ది క్రూ’ పోయిందని అక్కడే ఇద్దరు ఆటగాళ్ళు 2024 నవంబరులో యూబీసాఫ్ట్ మీద కోర్టుకెక్కారు. మీకిచ్చింది ఆట కాదు, లైసెన్సు అని కంపెనీ జవాబు. అప్పుడు వాళ్ళు ఆటతో పాటు వచ్చిన యాక్టివేషన్ కోడు బయటపెట్టారు. దాని గడువు 2099. ఆట 2024లోనే పోయినా కోడు మాత్రం మరో 75 ఏళ్ళు నిక్షేపంగా చెల్లుతుందన్నమాట.

“రిటైరైనవాళ్ళ పాసుకు రైల్వే కూడా అంత గడువివ్వదే!” అన్నారు తాతగారు, నిజంగానే మెచ్చుకుంటూ.