చెక్కుబంది

పావగడ తాలూకా తిరుమణిలో ఒక పెద్దాయన, తుమకూరులో బీఏ ఇంగ్లీషు చదివే మనవరాలి చేతికి సోలార్ లీజు పత్రం ఇచ్చాడు. ఈసారి బ్యాంకులో పడిన బాడుగ లెక్క సరిగ్గా ఉందో లేదో చూడమన్నాడు.

తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు. ఈ ఐదు ఊళ్ల భూములు 13,000 ఎకరాలు, ఎవరూ అమ్ముకోకుండానే సోలార్ పార్కు కిందికి పోయాయి. 28 ఏళ్ల లీజు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. 2019 ఆఖరుకల్లా 2,050 మెగావాట్లు. శనక్కాయ విత్తి మబ్బు కోసం చూసి చూసి అప్పుల పాలైన ఇళ్లు ఆ డబ్బుతో తేరుకున్నాయి.

మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పార్కులో గడ్డి కోసే పనికి ఒక మాట చెప్పమని అడగడానికి వచ్చింది. ఒళ్లో కొడవలి ఉంది.

మనవరాలు చదువుతూ చదువుతూ చెక్కుబంది దగ్గరికొచ్చింది.

"తూర్పున..."

"వంక," అంది మెట్టు మీది ఆమె. "పడమర బండిబాట. ఉత్తరాన అన్నోళ్ల దాయాదుల చేను. దక్షిణాన గుండ్లగుట్ట."

కాగితంలోనూ అదే ఉంది.

"నీకెట్ల తెలుసవ్వా?"

"పెండ్లయి వచ్చినప్పట్నుంచీ కలుపు తీసిన చేను గదమ్మా. ఇప్పుడు గట్లన్నీ చదునైపాయ. ఏ అద్దాల కింద తన చేనుందో అన్నే గుర్తుపట్టలేడు."

పెద్దాయన కాదనలేదు.

బాడుగ లెక్క పైసాతో సహా సరిపోయింది. మనవరాలు పత్రం మడుస్తూ, "తాతా, లీజు అనే మాట ఎక్కడిదో తెలుసా? లాటిన్‌లో లక్సారే అని ఉంది. పట్టు సడలించడం, విడిచిపెట్టడం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి లీజు అయింది. రిలీజు, రిలాక్సు కూడా ఆ వేరు నుంచి పుట్టినవే," అంది.

పెద్దాయనకు ఆ మాట నచ్చలేదు.

"నేనేం విడిచిపెట్టినా? పహణీలో పేరు నాదే. బాడుగొచ్చేది నాకే. గడువు తీరినాక చేనూ మనదే. ఇంక విడిచిపెట్టిందేముంది?"

మనవరాలి దగ్గర జవాబు లేదు.

ముసలామె కొడవలి తీసుకుని లేచింది.

"మమ్మల్ని అన్నా."