సరదాకి

ఖమ్మంలో పెళ్లి ఆర్కెస్ట్రాలకు గిటారు వాయించే కుర్రాడొకడు సరదాకి బ్యాంజో కొన్నాడు. భజన మేళాల్లో మీటలు నొక్కి వాయించేది కాదు, డప్పులా తోలు బిగించిన అమెరికా బ్యాంజో. గిటారు వచ్చినవాడికి అదేమంత కష్టం కాదు. నాలుగు, మూడు, రెండో తీగల శ్రుతి రెండింటికీ ఒకటే. మొదటి తీగను ఒక స్వరం దించుకుంటే చాలు. కొత్తది అయిదో తీగ. పొట్టిది. కాడ మధ్యలో మొదలవుతుంది. బొటనవేలితో మీటుతుంటే ఒకే స్వరం పలుకుతూ ఉంటుంది.

ఆ వేసవిలో మణుగూరు అవతల ఒక కోయగూడెంలో స్నేహితుడి తమ్ముడి పెళ్లి. కుర్రాడు బ్యాంజో వెంటబెట్టుకుని వెళ్లాడు.

పెళ్లికి, డోలు మోగిస్తూ వంశావళి చెప్పే డోలీ ముసలాయన వచ్చాడు. అదే మణుగూరు మండలంలోని కూనవరం మనిషి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. ముసలాయన డోలు మోగిస్తూ పెళ్లివారి గట్టు ఏదో, గోత్రం ఏదో చెప్పాడు. మూలపురుషుడితో మొదలుపెట్టి కొడుకు, మనవడు, మునిమనవడు అంటూ వరసగా దిగి, పెళ్లికొడుకు దగ్గర ఆపాడు. చేతిలో కాగితం ముక్క లేదు.

భోజనాలయ్యాక కుర్రాడు మూడు వేళ్లకు పిక్‌లు తొడుక్కుని బ్యాంజో అందుకున్నాడు. పిల్లలు చుట్టూ మూగారు. ముసలాయన దగ్గరికొచ్చి తోలు మీద తట్టి చూశాడు.

“ఎవరిది బాబూ ఈ వాద్యం?”

“ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టుకుపోయిన బానిసలది తాతా. సొరబుర్రకి తోలు కట్టి దీన్ని మొదట చేసుకుంది వాళ్లే. పాపం, వాళ్ల పేర్లు కూడా గుంజుకున్నారు. యజమాని ఏ పేరు పెడితే ఆ పేరే. 1850లో, 1860లో అమెరికా జనాభా లెక్కలు రాసినప్పుడు వయసు రాశారు, ఆడో మగో రాశారు. పేర్లు రాయలేదు. ఇప్పటికీ వాళ్ల వారసుల్లో చాలామందికి పాత తరాల పేర్లు తెలియవు.”

ముసలాయన నాలుక చప్పరించాడు.

“మీ డోలు కూడా నేర్పండి తాతా. సరదాగా నేర్చుకుంటా.”

“నేర్పుతా. మీ వంశంతోనే మొదలుపెడదాం. మీ నాయన నుంచి పైకి చెప్పుకుంటూ పో.”

కుర్రాడు తండ్రి పేరు చెప్పి బొటనవేలి పిక్ తీశాడు. తాత పేరు చెప్పి చూపుడువేలి పిక్ తీశాడు. మూడోది వేలికే ఉండిపోయింది.

ఫోను పట్టుకుని, సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా నడిచాడు.

“నాన్నా, తాతయ్య వాళ్ల నాన్న పేరేంటి?”

“ఏమోరా. ఎప్పుడూ అడగలేదు. పొలం కాగితాల్లో ఉండేది. పొలం అమ్మేశాంగా.”

తిరిగొచ్చి ఆ మాటే చెప్పాడు. ముసలాయన డోలు భుజానికి తగిలించుకున్నాడు.

“వాళ్ల పేర్లు దొరలు గుంజుకున్నారంటివి. మీవి ఎవరు గుంజుకున్నారు బాబూ?”