పారిపోయే అక్కకు పైసలున్న తమ్ముడు

ఇల్లొదిలి పారిపోవడానికి కోపం ఒక్కటే చాలదు, డబ్బు దాచుకున్న తమ్ముడొకడు కూడా ఉండాలి. ఈ సంగతి అమెరికా రచయిత్రి ఇ. ఎల్. కోనిగ్స్‌బర్గ్ 1967లోనే నవల రాసి మరీ చెప్పింది. నా చెవిన పడేసరికి మోకాళ్ళ నొప్పులొచ్చేశాయి. ఇంకెక్కడికని పారిపోను?

నవల పేరు ‘ఫ్రమ్ ద మిక్స్‌డ్-అప్ ఫైల్స్ ఆఫ్ మిసెస్ బేసిల్ ఇ. ఫ్రాంక్‌వీలర్’. రైల్లో మొదలెడితే పేరు పూర్తయ్యేలోపు ఓ స్టేషన్ దాటిపోతుంది. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో, ఆరో క్లాసు చదువుతున్న మనవరాలి పుస్తకాల్లో దొరికింది. పదీ పన్నెండేళ్ళ పిల్లల కోసం రాసింది, మనకెందుకులే అనుకుంటూనే తెరిచాను.

క్లాడియా కింకేడ్‌ది కనెక్టికట్‌లోని గ్రెనిచ్. పన్నెండేళ్ళు నిండడానికి ఇంకో నెలుంది. ముగ్గురు తమ్ముళ్ళున్న ఇంట్లో ఈమె పెద్దది, ఒక్కతే ఆడపిల్ల. గిన్నెలు సర్దడం, భోజనాల బల్ల సిద్ధం చేయడం ఒకే రాత్రి తన నెత్తినే పడతాయనీ, మగపిల్లలు అన్నిట్లోంచీ తప్పించుకుంటారనీ ఆమె మంట. ఇక్కడ పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నాను. నాకూ ముగ్గురు తమ్ముళ్ళే. కాకపోతే వాళ్ళింట్లో గిన్నెలు కడగడానికి మిషనుంది. మా ఇంట్లో ఆ మిషన్ని నేనే.

క్లాడియాకి కష్టపడి పారిపోవడం గిట్టదు. అడవులూ గుట్టలూ ఆమె వల్ల కావు. అందుకే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కాపురం పెడదామనుకుంది. ఈ ఊహ రచయిత్రికి ఎల్లోస్టోన్ పార్కులో పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు వచ్చిందట. ఎండ, చీమలు అంటూ పిల్లలు ఒకటే సణుగుడు. వీళ్ళు ఎప్పుడైనా ఇల్లొదిలినా ఇంతకన్నా సుఖమైన చోటే చూసుకుంటారు అనుకుంది ఆవిడ. కెమిస్ట్రీ చదివిన మనిషి, నవలకి బొమ్మలూ తనే వేసుకుంది. అక్కాతమ్ముళ్ళ బొమ్మలకి ఎదురుగా నిలబెట్టింది తన పిల్లల్నే. సణిగినందుకు తగిన శాస్తి.

ఇక తోడు ఎవరు? ముగ్గురిలో తొమ్మిదేళ్ళ జేమీని ఎంచుకుంది. ప్రేమ పొంగి కాదులెండి, వాడి దగ్గర 24 డాలర్ల 43 సెంట్లున్నాయి. స్కూలు బస్సులో స్నేహితుడితో పేకాడి, దొంగాటతో గెల్చిన సొమ్ము. క్లాడియా పథకాలు వేయగలదు గానీ పైసా నిలవదు. బుధవారం సంగీతం క్లాసు రోజు కాబట్టి వయొలిన్ పెట్టెలో, ట్రంపెట్ పెట్టెలో బట్టలు కుక్కి ఇద్దరూ రైలెక్కేశారు. జేమీ ఖజానాదారు. పదవి రాగానే టాక్సీ వద్దు, బస్సు వద్దు, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నుంచి మ్యూజియం దాకా నడకే అన్నాడు.

ఇది చదివి కాకినాడలో ఉన్న మా చిన్న తమ్ముడికి ఫోన్ చేశాను. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు.

“ఏరా, చిన్నప్పుడు ఇల్లొదిలి పోదాం రమ్మంటే వచ్చేవాడివా?”

“ఎంతవుతుందక్కా?” అన్నాడు. ఎక్కడికని అడగలేదు.

“రాజమండ్రి అనుకో.”

“రానూపోనూ కలిపి చెప్పు.”

“పారిపోవడానికి రానూపోనూ ఏమిట్రా!”

“సోమవారం స్కూలుంటుంది కదా?”

ఇలాంటివాణ్ణి నమ్ముకుని ఎక్కడికెళ్తాం?

వాళ్ళిద్దరూ మాత్రం భేషుగ్గా ఉన్నారు. తలుపులు మూసేవేళ బాత్రూముల్లో కమోడ్ల మీదెక్కి తలొంచుకుని నక్కేవారు. పడక 16వ శతాబ్దపు రాజమంచం మీద. స్నానం రెస్టారెంట్ ఫౌంటెన్‌లో, అదీ అర్ధరాత్రి. జనం మొక్కుకుని అందులో వేసిన నాణేలు కాళ్ళకి తగిలితే జేమీ ఏరుకున్నాడు. (ఆ మంచమూ ఫౌంటెనూ ఇప్పుడక్కడ లేవు, ఆశపడకండి.) పగలు స్కూలు పిల్లల గుంపుల్లో కలిసిపోయి పాఠాలు వినేవారు. ఎందుకంటే రోజుకో కొత్త సంగతి నేర్చుకోవాలని క్లాడియా నియమం పెట్టింది. ఇంట్లోంచి పారిపోయి కూడా సిలబస్ వేసుకునేది అక్కగా పుట్టినవాళ్ళే! అంతటితో ఆగక తమ్ముడి మాటల్లో వ్యాకరణం కూడా దిద్దుతుంది.

అక్కడో దేవదూత విగ్రహం. మ్యూజియం వేలంలో 225 డాలర్లకి కొంది. చెక్కింది మైకెలాంజెలోనా, కాదా? అది తేలందే ఇంటికి రానంది క్లాడియా. 1965లో ఆ మ్యూజియం నిజంగానే 225 డాలర్లకి ఒక విగ్రహం కొన్న వార్త చదివి రచయిత్రి అల్లుకున్న ముడి ఇది. వెళ్ళినట్టే తిరిగొస్తే ఇక పోయి ఏం లాభమని ఆ పిల్ల బాధ. గొప్పగా నిలబెట్టే రహస్యం ఒకటి దక్కాలి. ఆ తపనతో ఇద్దరూ చివరి డబ్బులు ఖర్చుపెట్టి, ఆ విగ్రహం అమ్మిన మిసెస్ ఫ్రాంక్‌వీలర్ అనే డబ్బున్న ముసలావిడ ఇంటికి చేరతారు. డబ్బు కరిగినకొద్దీ వీళ్ళు దగ్గరవుతారు. నువ్వంటే ప్రాణం లాంటి మాటలేం ఉండవు, చిల్లర లెక్కల దగ్గర కొట్టుకోవడమే.

అమ్మమ్మగా నాకొక్కటే నచ్చలేదు. అక్కడ తల్లిదండ్రులు ఎలా అల్లాడుతున్నారో రచయిత్రి రెండు ముక్కల్లో తేల్చేసింది. పిల్లల నవల గనక ఊరుకున్నాను. 1968లో దీనికి పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ ఇచ్చినవాళ్ళకీ అది పట్టలేదు.

కథంతా ముసలావిడ తన లాయరు సాక్సన్‌బర్గ్‌కి చెబుతున్నట్టు ఉంటుంది. ఆయనెవరో చివర్లో తెలుస్తుంది, నేను చెప్పను. మీ ఇంట్లో అక్కాతమ్ముళ్ళుంటే ఈ పుస్తకం కొనివ్వండి. ఇచ్చేముందు చిన్నవాడి హుండీలో ఎంతుందో మాత్రం ఓసారి లెక్క చూసుకోండి.