తిమింగలం కడుపులో ఇందిరమ్మ

ఈ వ్యాసకర్తకు వరసకు మావయ్య ఒకాయన ఉన్నారు. రిటైరయ్యారు, చూపు బాగుంది, ఫోనులో ఛార్జింగ్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఇంతకన్నా పరిచయం అక్కర్లేదు, ప్రతి ఇంటి వాట్సాప్ గ్రూపులోనూ ఆయన ఉంటారు. కొన్నాళ్లుగా ఆయనకు గుప్తాక్షరాల పిచ్చి పట్టుకుంది. పొద్దున్నే కాఫీ గొంతు దిగకముందే ఫోన్ మోగుతుంది.

"ఏరా, ఇంగ్లీషు నవలలు తెగ చదువుతావు కదా, మాబీ డిక్‌లో ఇందిరమ్మ హత్య గురించి రాసి ఉందట, ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. హెర్మన్ మెల్విల్ నవల 1851లో వచ్చింది, ఇందిరాగాంధీ 1917లో పుట్టారు. ఆ మాటంటే మావయ్య నొచ్చుకుంటారు. పైగా ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, తంటా అంతా అక్కడే ఉంది.

1997లో మైకేల్ డ్రాస్నిన్ అనే అమెరికన్ పాత్రికేయుడు 'ది బైబిల్ కోడ్' రాశాడు. హీబ్రూ బైబిల్లో మాటల మధ్య ఖాళీలు తీసేసి, ఇన్ని అక్షరాలకొకటి చొప్పున ఏరుకుంటూ పోతే ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ హత్యతో సహా అన్నీ బయటపడతాయన్నాడు. నవ్వినవాళ్లను, మాబీ డిక్‌లో ఓ ప్రధాని హత్య చూపించండి చూద్దాం అని సవాలు చేశాడు. చేయకుండా ఉండాల్సింది. ఆస్ట్రేలియాలో బ్రెండన్ మెకే అనే గణితవేత్త ఆ నవలను అదే పద్ధతిలో కంప్యూటర్‌తో జల్లెడ పట్టించాడు. ఇందిరాగాంధీ దొరికారు. లింకన్, కెనడీ, ట్రాట్‌స్కీ దొరికారు. డ్రాస్నిన్ చావు కూడా దొరికింది! పుస్తకం లావుగా ఉండి, ఏరేవాడికి ఓపిక ఉంటే ఏం కావాలంటే అది దొరుకుతుందని మెకే ఎగతాళి. ఆ ఎగతాళి దారిలో ఎక్కడో జారిపోయి, మావయ్య ఫోనుకు ఇందిరమ్మ ఒక్కరే చేరారు.

"వాళ్ల నవలకే అంత మహిమ ఉంటే మన గురజాడకు ఉండదట్రా?" అని ఆయన కన్యాశుల్కం తీశారు. స్కేలు, ఎర్ర పెన్సిలు తెప్పించారు. అక్కడ తెలుగు లిపి అడ్డం తిరిగింది. ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా వరసలో నిలబడతాయి, వేలు పెట్టి లెక్కించుకోవచ్చు. మరి మన 'స్త్రీ' ఎన్ని అక్షరాలు? ఛందస్సు వచ్చినవాడు ఒకటే అని, నెత్తిన గురువు గుర్తు కూడా పెడతాడు. వర్ణాలుగా విడదీసేవాడు నాలుగంటాడు. కంప్యూటర్‌ను అడిగితే యూనికోడ్ ప్రకారం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒక్క స్త్రీ దగ్గరే ఇన్ని తగాదాలు, అసలే ఆ నాటకమంతా స్త్రీల గోడు.

మావయ్య తీర్పు చెప్పారు. ఒత్తు కలిసొస్తే అక్షరం, రాకపోతే అలంకారం. సున్న అవసరమైతే 'మ', లేకపోతే ఉత్త సున్న. మొదట ఏడేసి అక్షరాలు దాటుకుంటూ వెళ్లారు, ఏడుకొండలవాడి సంఖ్య గనక. ఏమీ రాలేదు. తర్వాత నూటపదహారు, శుభమని. ఆ తర్వాత వెనక నుంచి ముందుకు, కింద నుంచి పైకి. అత్తయ్య భోజనాలకు పిలిచేసరికి తేలిన మాట ఒక్కటే: 'పప్పు'. ఆ రోజు వండిందీ పప్పే. మావయ్య కళ్లు మెరిశాయి. గురజాడ చూపు ఎంత దూరం వెళ్లిందో చూడమన్నారు. "ఈ ఇంట్లో పప్పు వండని రోజేది?" అని అత్తయ్య అన్న మాటను లెక్కలోకి తీసుకోలేదు.

ఆయన్ని అనుకుని లాభం లేదు, ఆయనకు పెద్ద పెద్ద పూర్వీకులున్నారు. ఇగ్నేషియస్ డొనెల్లీ అమెరికా కాంగ్రెస్‌లో సభ్యుడిగా పనిచేసినవాడు. షేక్‌స్పియర్ నాటకాలు రాసింది ఫ్రాన్సిస్ బేకన్ అనీ, ఆ సంగతి 1623 నాటి ఫస్ట్ ఫోలియోలో దాచిపెట్టాడనీ 1888లో 'ది గ్రేట్ క్రిప్టోగ్రామ్' అనే బండ పుస్తకం వేశాడు. లెక్క కుదరని చోట హైఫన్ పెట్టిన మాటను ఓసారి ఒకటిగా, ఓసారి రెండుగా లెక్కించాడు. మావయ్య ఒత్తు లాంటిదే అదీనూ. ఆ ఏడే జోసెఫ్ పైల్ అనే పెద్దమనిషి 'ది లిటిల్ క్రిప్టోగ్రామ్' వేసి, అదే పద్ధతిలో హామ్లెట్‌లోంచి డొనెల్లీని గారడీవాడని తిట్టే వాక్యం లాగి చూపించాడు.

డాక్టర్ ఆర్విల్ ఓవెన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నవ్వు రాదు. డెట్రాయిట్‌లో పేరున్న వైద్యుడు. పాత పుస్తకాల పేజీలను వెయ్యి అడుగుల గుడ్డకు అతికించి, రెండు పెద్ద చక్రాల మీద తిప్పుకుంటూ బేకన్ మాటలు ఏరాడు. ఆ మాటలు నమ్మి ఇంగ్లండు వెళ్లి, చెప్‌స్టో దగ్గర వై నది అడుగున రాతప్రతుల కోసం తవ్వించాడు. దొరకలేదు. ఆస్తీ ఆరోగ్యమూ పోయి మంచాన పడ్డాక, ఈ జోలికి రావద్దని ఓ అభిమానికి చెప్పాడు. తను కనుక్కున్నది వినడానికి లోకం ఎగబడుతుందనుకున్నాడట. పొద్దున్నే మావయ్య ఫోను చేసేదీ ఎవరో ఒకరు వింటారనే. ఆ సంగతి తెలిసీ ఈ వ్యాసకర్త ఒక్కోసారి ఫోను ఎత్తడు.

అక్షరాలతో ఆట తప్పని ఎవరూ అనరు. దండి దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడి పెదవిని ప్రియురాలు కొరికింది గనక, పెదవులు కలవాల్సిన ప ఫ బ భ మ లు లేకుండానే అతని చేత కథంతా చెప్పించాడు. నంది తిమ్మన పారిజాతాపహరణం చివర్లో చిత్రకవిత్వంతో గారడీ చేశాడు. వాళ్లు కష్టపడి పెట్టారు, చదివినవాడికి కనిపిస్తుంది. పెట్టనిదాన్ని తవ్వేవాళ్లు పెట్టినదాన్ని చదవరు, కడుపుమంట అదీ.

బేకన్ సంకేతాల లెక్క తేల్చింది విలియం, ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ దంపతులు. వాటిని వెదికించే రివర్‌బ్యాంక్ అనే చోట ఉద్యోగాలకు చేరి, పరిచయమై, 1917లో పెళ్లాడారు. తర్వాత అమెరికా ప్రభుత్వానికి రహస్య లిపులు ఛేదించి పెట్టారు. షేక్‌స్పియర్ నాటకాల్లో ఉన్నాయన్న సంకేతాలన్నీ పరీక్షించి, ఒక్కటీ నిలబడదని 1957లో పుస్తకం రాశారు. అందులో ఓ పేజీలో రెండు రకాల అచ్చక్షరాలు కలిపి, బేకన్ చెప్పిన పద్ధతిలోనే, ఆ నాటకాలు తను రాయలేదని బేకన్ చేతే చెప్పించారు.

మావయ్యకు మనవి ఒక్కటే. ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి, కన్యాశుల్కం మొదటి అంకం వరసగా చదవండి. ఒక్క అక్షరమూ దాటక్కర్లేదు. గిరీశం మొదట్లోనే వస్తాడు, లోపలున్నదంతా పైకే వాగేస్తాడు.