నడిమిబిళ్ల భాష్యం

మూలం: "అన్నా, టంకశాలలనే నడిమిబిళ్ల తిర్గవడ్డది. పది రూపాలదే, రెండువేలిస్తె నీది."

అవతారిక: పటాన్‌చెరు అంగడిలో పాతనాణెముల పట్టా యెదుట గొంతుక్కూర్చున్న కొనుగోలుదారుడు భూతద్దము దీసి "దీని విశేషమేమి?" యని యడుగగా, అమ్మువాడిట్లనుచున్నాడు.

టీక: అన్నా = ఓ కొనెడివాడా (బేరము తెగనిచో "సార్" అగును); టంకశాలలనే = చర్లపల్లి టంకశాలయందే (సంవత్సరము క్రింద నక్షత్రమున్నది గనుక; వజ్రమైన ముంబయి, చుక్కయైన నోయిడా, ఏమియు లేకున్న కోల్‌కతా); నడిమిబిళ్ల = పసుపువన్నె వలయము లోపలి రాగి-నికెల్ బిళ్ల; తిర్గవడ్డది = సింహములు శీర్షాసనము వేసినవి (తిప్పిన కర్త ఇందు గుప్తుడు); తక్కినది స్పష్టము.

తాత్పర్యం: టంకశాలలో ముందు వట్టి వలయంలో వట్టి బిళ్లను కూర్చి, ఆ పైన ముద్ర కొడతారు. ఆ దెబ్బకే రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ముద్ర పడేదాకా బిళ్ల మీద బొమ్మే లేదు. ఎటు తిరిగినా ఒకటే. కాబట్టి ఈ సింహాలు తలకిందులైంది టంకశాల గేటు దాటాకే. గుప్తకర్త ఈ పారిశ్రామికవాడలోనే ఏ రేకుల షెడ్డులోనో చేతిప్రెస్సు ముందు దొరకవచ్చు. కింద వలయం ఆనేంత డై, పైన బిళ్లకు సరిపడే పంచి. ఒక్క నొక్కుకు బిళ్ల ఊడుతుంది. తిప్పిపెట్టి మళ్లీ నొక్కితే సరి. చెయ్యి తిరగనివాడైతే అతుకు వెంట గీరుళ్లు పడతాయి. భూతద్దం పెట్టవలసింది అక్కడ, సింహాల మీద కాదు.

శంక: అయితే ఇది నకిలీయా?

సమాధానం: రెండు ముక్కలూ అచ్చంగా సర్కారువే. కాకపోతే రూపు చెడగొట్టిన నాణెం చెల్లదని 2011 నాణేల చట్టం.

శంక: పూర్వులెవరూ ఇట్లా చెయ్యలేదా?

సమాధానం: చేశారు, అదీ రాజులే. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తాను ఓడించిన రాజు నహపాణుడి వెండినాణేల మీద తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో బయటపడ్డ పదమూడు వేల పైచిలుకు నాణేల్లో తొమ్మిది వేలకు పైగా అట్లాంటివే. ఆ శాతవాహనుల నాణేలు మన సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లోనూ దొరికాయి. శాతకర్ణి తాను చేసిన పనిమీద తన పేరే వేసుకున్నాడు. మనవాడు తన పనిని టంకశాల ఖాతాలో వేస్తున్నాడు. పేచీ అంతా ఇక్కడే. రెండువేలలో పది నాణేనికి, ఓ యాభై నొక్కుడు కూలికి. మిగతాదంతా "టంకశాలలనే" అన్న మాట ఖరీదు. "నేనే తిప్పిన" అంటే ఈ భాష్యకారుడు అరవై ఇచ్చి సంతోషంగా జేబులో వేసుకుంటాడు.

విశేషం: తిరగని పది నాణెం ఇస్తే పక్కనున్న ఛాయ్ బండివాడు "నడ్వదన్నా" అంటాడు. పది నాణెం పధ్నాలుగు నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పినా ఆ ప్రకటన ఛాయ్ బండిదాకా రాలేదు.

పాఠాంతరం: "రెండువేలిస్తె" అనుచోట "నూరన్న ఇయ్యరాదే" యని, కొనువాడు లేచి నాలుగడుగులు వేసిన పిమ్మట వినబడును.